సొట్ట కప్పు

కళ్ళజోళ్ళ దుకాణం ఆయనకి కప్పుల పిచ్చి. పిచ్చి అన్న మాట వీధిలోవాళ్ళది కాదు, సాక్షాత్తూ కట్టుకున్నావిడది. "ఒక్కొక్కరికి పేకాట, ఒక్కొక్కరికి సీసా. మా ఆయనకి మట్టి కప్పులు. అందులో పోసేది టీయే కాబట్టి ఊరుకున్నాను" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. చెబుతూ తను మాత్రం స్టీలు గ్లాసులో తాగుతుంది. ఇంట్లోకి ఏ కొత్త కప్పు వచ్చినా, అది ఎంత అందగత్తె అయినా, ఆవిడ అడిగేది ఒకే ఒక్క ప్రశ్న: "టీ పోస్తే కారదు కదా?"

ముందుగదిలో కిటికీ పక్కన అద్దాల బీరువా ఉంది. పై అరల నిండా కప్పులు, టీ గిన్నెలు. అన్నీ ఎవరో ఒకరు చేత్తో చేసినవే. సగానికి సగం ఊరి చివర కుమ్మరి సారె తిప్పే ఒకావిడ దగ్గర కొన్నవి. ఆవిడని అందరూ సారెక్క అంటారు. పొగ రంగువి, తేనె రంగువి, పూత కిందికి జారుతూ జారుతూ ఆరిపోయినవి, బట్టీలో మంట నాకిన మచ్చ ఉన్నవి. ఆయన రోజూ పొద్దున్నే కళ్ళద్దాలు తుడిచే పసుపుపచ్చ గుడ్డతో వాటి దుమ్ము దులుపుతారు. దులుపుతూ ఒక్కోదాన్నీ పలకరిస్తారు కూడా, పైకే. "ఏమ్మా బుంగమూతీ, బాగున్నావా? నువ్వేంటి, అటు తిరిగి కూర్చున్నావు?" మొదటిసారి విన్నప్పుడు కోడలు తననే అనుకుని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

కింది అర సంగతి వేరు. అది ఇంటివాళ్ళది. నాలుగు గడులు. మొదటి గడిలో ఆయన కప్పు, నల్లగా, బొద్దుగా ఉంటుంది. రెండో గడిలో భార్యకని ఏరి కోరి తెచ్చిన ఆకుపచ్చ గిన్నె. అందులో ఆవిడ తలపిన్నులు వేసుకుంటుంది. మూడోది కొడుకుది. నాలుగో గడి ఖాళీ. ఖాళీ అయినా సరే, పసుపు గుడ్డ రోజూ అక్కడికి కూడా వెళుతుంది.

ఆ ఖాళీ గడి మీదికి కోడలి చూపు రోజుకి పదిసార్లు పోతుంది. పెళ్ళయి ఏడాది కావస్తోంది. ఈ ఇంట్లో తనకి దేనికీ లోటు లేదు. అత్తయ్య పైకి కసిరినా కడుపులో పెట్టుకుని చూస్తుంది, మొగుడు మెతక మనిషి, మామయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. గడప దాటి వచ్చిన రోజే ఆమె కళ్ళజోడు ముక్కు మీంచి జారుతోందని గమనించి, అక్కడికక్కడే విప్పించి సరిచేసి ఇచ్చిన మనిషి. అయినా టీ మాత్రం తను చుట్టాలకిచ్చే తెల్ల కప్పులో తాగుతోంది. సాసరుతో సహా. తనకంటూ ఒక కప్పు ఆ గడిలోకి వస్తే తప్ప తను ఈ ఇంటి మనిషిని కానని ఆమె మనసులో ఎప్పుడో ఖాయమైపోయింది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు.

తప్పు మామయ్యది కాదు. ఆమె వచ్చిన వారంలోనే ఆయన బీరువా తలుపులు బార్లా తెరిచి, "ఏది కావాలంటే అది తీసుకో అమ్మా. చేతిలో పడగానే నీకే తెలుస్తుంది" అన్నారు. ఆమె తేనె రంగు గిన్నె మీద మనసు పడి అందుకుంది. అందుకున్నది అందుకున్నట్టే జారింది. గుండెలకి అదిమి పట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ముక్కలేరుకోవలసి వచ్చేది. మామయ్య మొహంలో రక్తం లేదు. "తొందరేముంది మామయ్యా, మెల్లగా చూసుకుంటాను" అని ఆమె గిన్నెని ఎక్కడిదక్కడ పెట్టేసింది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇంత చేతకాని పిల్ల చేతికి ఏమిస్తాం అనుకుని ఉంటారని ఆమె తీర్మానించుకుంది.

అసలు గొడవంతా ఆమె కుడి చూపుడు వేలిది. చిన్నప్పుడు తలుపు సందులో పడి నలిగింది. అప్పట్నుంచీ మధ్య కణుపు దగ్గర వంగదు. కప్పు పిడిలోకి దూరదు, పిడి లేని గిన్నెని చుట్టుకోదు. ఆమె పనిచేసే బైండింగ్ షాపులో ఆ వేలికున్న మర్యాద చూడాలి. కాగితం మడత మీద దానితో ఒక్క గీటు గీస్తే ఇస్త్రీ చేసినట్టు పడుకుంటుంది. "మాకందరికీ చెక్క బద్ద కావాలి, నీకు పుట్టుకతోనే ఇచ్చారు" అంటాడు యజమాని, పుట్టుకతో కాదని తెలిసి కూడా. అక్కడ దాన్ని దాచాలన్న ఊహే రాదు. ఇంట్లో మాత్రం మొగుడికి తప్ప ఎవరికీ తెలియకూడదని పట్టుదల. చేతిలో ఎప్పుడూ ఓ గుడ్డో గరిటో ఉంచుకుంటుంది. తెల్ల కప్పుని సాసరుతో సహా ఎడమ అరచేతిలో పెట్టుకుంటే ఏ పేచీ లేదు. మామయ్య మనుషుల్లో చూసేది ముక్కూ చెవులే, ఆయన చూపు చేతుల దాకా ఎక్కడ వస్తుందని ఆమె ధీమా.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మామయ్య కొత్త కప్పు తెచ్చిన సాయంత్రం దాన్ని బల్ల మధ్యన పెడతారు. ఎవరు చేసిందో చెప్పరు. ఇంటిల్లిపాదీ దాన్ని పరీక్షించాలి. ఆ పరీక్షకో వరస ఉంది. ముందు దూరం నుంచి చూడాలి. తరవాత బోర్లించి అడుగు చూడాలి, ఎందుకంటే పైపైన ఎవరైనా సింగారిస్తారు, చేసినవాళ్ళ నిజాయితీ అడుగున బయటపడుతుందని ఆయన సిద్ధాంతం. గోటితో తట్టి చప్పుడు వినాలి. అంచు మీద వేలు తిప్పాలి. ఆఖరున, టీ తాగేటప్పుడు ఎలా పట్టుకుంటామో అలా పట్టుకుని కాసేపు ఊరుకోవాలి. "అప్పటిదాకా నోరు విప్పకూడదు. విప్పాక మొహమాటపడకూడదు" అంటారు.

కోడలు ఆ విద్యని శ్రద్ధగా నేర్చుకుంది. కప్పు దక్కకపోయినా కప్పుల గురించి మాట్లాడడమైనా వస్తే సగం ఇంటిమనిషి అయినట్టేనని ఆశ. ఆఖరి మెట్టు మాత్రం ప్రతిసారీ ఎగ్గొట్టేది. ఎడమ అరచేతిలో తూకం చూస్తున్నట్టు నటించి, పక్కవాళ్ళకి అందించేసేది. ఎవరూ గమనించలేదనే అనుకుంది.

చలికాలం మొదలయ్యాక మామయ్య తీరు మారింది. మధ్యాహ్నాలు దుకాణానికి తాళం వేసి ఎక్కడికో వెళ్ళేవారు. అడిగితే "నడక. డాక్టరు నడవమన్నాడు" అనేవారు. నడిచొచ్చిన మనిషి చొక్కా చేతులకి తెల్లటి మరకలేమిటో అత్తయ్యకి అంతుపట్టలేదు. ఓసారి కుడి చూపుడు వేలు చుట్టూ తాడు ఒరుసుకున్నట్టు ఎర్రటి చారలతో వచ్చారు. "స్క్రూడ్రైవర్ తగిలింది" అన్నారు.

"ఇన్నేళ్ళూ తగలనిది ఇప్పుడెందుకు తగిలింది? కళ్ళజోళ్ళు అమ్ముకునే మనిషికే కళ్ళు కనబడకపోతే ఇంక కొనేవాళ్ళ గతేమిటి?" అని అత్తయ్య ఏకిపారేసింది.

చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక సాయంత్రం కోడలు పని నుంచి వచ్చేసరికి బల్ల మధ్యన కొత్త కప్పు ఉంది. పిడి లేదు. తడిసిన గోడ రంగు. ఒక పక్కన చిన్న సొట్ట. మామయ్య కనీసం కాళ్ళు కూడా కడుక్కోకుండా కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు.

"టీ పోస్తే కారదు కదా?" అంది అత్తయ్య.

"చూద్దాం" అన్నారాయన.

కొడుకు తలుపు దగ్గర్నుంచే "బాగుంది నాన్నా" అన్నాడు. అతనికి అన్నీ బాగుంటాయి, అందుకే అతని మాటకి ఆ బల్ల దగ్గర విలువ లేదు.

"ఇవాళ కోడలు చెప్పాలి" అన్నారు మామయ్య.

తనని ప్రత్యేకంగా అడగడం అదే మొదటిసారి. ఆమె వెన్ను నిటారుగా అయింది. ఇక చూడాలి ఆ పరీక్ష. దూరం నుంచి చూసింది. బోర్లించింది. తట్టింది. అంచు మీద ఎడమ చేతి వేలు తిప్పింది. ఎడమ అరచేతిలో తూకం చూసింది. అక్కడితో ఆపేసి గొంతు సవరించుకుంది.

"మొహమాటం లేకుండా చెప్పనా మామయ్యా?"

"అందుకే కదమ్మా అడిగింది."

"అంచు ఒక పక్క మందం, ఒక పక్క పల్చన. అడుగు సమంగా లేదు, చూడండి, బల్ల మీద పెడితే ఊగుతోంది. తడితే చప్పుడు మూగగా వస్తోంది. అన్నిటికన్నా ఈ సొట్ట. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో చూసుకోకుండా వేలు పెట్టి నొక్కేశారు. సరిచేద్దామని కూడా అనుకోలేదు. ఇది సారెక్క పని కానే కాదు. నేర్చుకునేవాళ్ళెవరో చేసుంటారు. మీ పిచ్చి తెలిసి ఎవరో మీకు అంటగట్టారు."

మొగుడు పకపకా నవ్వాడు. "నాన్నా, మీ శిష్యురాలు మిమ్మల్ని మించిపోయింది."

మామయ్య కూడా నవ్వారు. "ఒక్కటీ తప్పు చెప్పలేదమ్మా. ఇంక నీకు నేర్పడానికి నా దగ్గరేమీ లేదు" అని కప్పుని పసుపు గుడ్డలో చుట్టి దుకాణం సంచిలో పెట్టుకున్నారు. పెట్టుకునేటప్పుడు ఆయన చేతులు కొంచెం నెమ్మదిగా కదిలాయి. ఆమె ఆ మెప్పు తలకెక్కిన మత్తులో ఉంది, చూడలేదు.

మర్నాడు బైండింగ్ షాపులో ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. నేర్పడానికేమీ లేదన్నారంటే ఇవాళో రేపో నాలుగో గడి నిండుతుందని లెక్కలేసుకుంది.

గడి నిండలేదు సరికదా, పసుపు గుడ్డ మూడో గడి దాకా వచ్చి ఆగిపోవడం ఆమె కళ్ళారా చూసింది. కప్పుల్ని పలకరించడం కూడా తగ్గిపోయింది. బుంగమూతిని ఎవరూ బాగున్నావా అనడం లేదు. మధ్యాహ్నం నడక మానేశారు. "డాక్టరు కూర్చోమన్నాడా ఏమిటి?" అని అత్తయ్య వెటకారమాడింది. కోడలు ఆ సాయంత్రం తనన్న మాటలన్నీ మళ్ళీ గుర్తుచేసుకుంది. ఇష్టపడి తెచ్చుకున్న వస్తువుని నలుగురిలో తీసిపారేసింది. మోసపోయారని మొహం మీదే అంది. ఆయనే నేర్పిన విద్యతో ఆయన్నే చిన్నబుచ్చింది. నోరు జారడానికి నలుగురికీ నాలుగు సందర్భాలుంటాయి, తనకి ఇదే దొరికిందా అని తనని తానే తిట్టుకుంది. మంచి కప్పొకటి కొనిస్తే ఆ మనసు కుదుటపడుతుందేమోనని సెలవు రోజున సారెక్కని వెతుక్కుంటూ వెళ్ళింది.

సారెక్క రేకుల షెడ్డులో మోచేతుల దాకా బంకమట్టితో కూర్చుని ఉంది. కళ్ళజోళ్ళ దుకాణం ఆయన కోడల్నని చెప్పగానే సారె ఆపింది. ఆపి ఆమె మొహం చూడలేదు, చెయ్యి చూసింది.

"ఓహో, ఆ వేలు ఇదేనా."

కోడలు గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. "మీకెలా తెలుసు?"

"తెలియకేం? చలికాలమంతా ఈ షెడ్డులో దాని గొడవే కదా. రా, మీ మామగారి సంతానాన్ని చూద్దువుగాని."

మూలన ఒక చెక్క పలక మీద కప్పులు వరసగా ఉన్నాయి. కప్పులు అనుకుంటే కప్పులు. ఒకటి పక్కకి ఒరిగింది. ఒకటి పూర్తిగా చతికిలబడింది. ఒకదానికి అడుగే చీలిపోయింది. అన్నిటికీ పక్కన ఓ సొట్ట ఉంది, ఒకదానికి పైకి, ఒకదానికి కిందికి, ఒకదానికి మరీ లోతుగా.

"సారె మీద ఆయనకి చెయ్యి కుదరలేదు" అంది సారెక్క. "ముద్ద పట్టుకుని వేళ్ళతోనే నొక్కి నొక్కి చేశారు. నేను చేసిస్తాను, కొలతలు చెప్పండయ్యా అంటే వినలేదు. మా కోడలి వేలు వంగదమ్మా, ఆ పిల్ల దాన్ని దాచుకుంటోంది, కొలతలు ఏ మొహం పెట్టుకుని అడగను అన్నారు. మరి కొలత కోసం ఏం చేశారనుకున్నావు? విరిగిన కళ్ళజోడు కాడ ఒకటి తెచ్చి, తన వేలికి ఆనించి దారంతో కట్టేసుకున్నారు, వంగకుండా. అలా కట్టుకునే ఇక్కడ టీ తాగేవారు. మొదట్లో చొక్కా అంతా ఒలకబోసుకున్నారు. వేలు ఎక్కడ అడ్డొస్తుందో, ఎక్కడ ఆనితే సుఖంగా ఉంటుందో చూసుకుని అక్కడ నొక్కేవారు. కాలాక చూస్తే చోటు తప్పేది. మట్టి ఎండితే కుంచించుకుపోతుంది కదా. మళ్ళీ మొదలు."

కోడలు పలక అంచు పట్టుకుని నిలబడిపోయింది. స్క్రూడ్రైవర్ చేసిన చారలు కళ్ళ ముందు కదిలాయి. చూసుకోకుండా వేలు పెట్టి నొక్కేశారని తను అన్న మాట, తన గొంతుతోనే, చెవిలో వినిపించింది.

"ఆఖరిదొకటి కుదిరిందని సంబరంగా పట్టుకెళ్ళారు. మళ్ళీ ఇటు రాలేదు" అంది సారెక్క. "నచ్చిందా నీకు?"

ఆమెకి ఏడుపొచ్చేసింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. "నేనింకా దాన్ని చూడనే లేదక్కా" అంది.

కొనడానికి వచ్చిన కప్పు సంగతి మర్చిపోయి, అక్కణ్ణుంచి నేరుగా దుకాణానికి వెళ్ళింది. లోపల మామయ్య ఎవరికో ఫ్రేము సరిచేస్తున్నారు. "ఎవరి చెవులూ సమానంగా ఉండవండీ. మీ ఎడమ చెవి కాస్త పైకుంది, అంతే. కళ్ళజోడే వంగాలి, చెవిని వంచలేం కదా" అని ఆ పెద్దమనిషికి నచ్చజెబుతున్నారు. ఆయన మోచేతి పక్కన, బల్ల మీద, సొట్ట కప్పు ఉంది. నిండా బుల్లి బుల్లి స్క్రూలు, ముక్కు మీద ఆనే రబ్బరు మెత్తలు.

వచ్చినాయన కొత్త చూపుతో వెళ్ళిపోయేదాకా ఆమె గోడకి ఆనుకుని ఆగింది. తరవాత కప్పుని తీసి, స్క్రూలు పళ్ళెంలో వొంపి, వెనక కుళాయి దగ్గర శుభ్రంగా కడిగి, ఆయన ఫ్లాస్కులో టీ పోసి బల్ల మీద పెట్టింది. అది ఊగి ఊగి నిలబడింది.

"అదిప్పుడు స్క్రూలకి వాడుతున్నానమ్మా" అన్నారు మామయ్య మెల్లగా.

"ఆ రోజు పరీక్ష సగంలో ఆపేశాను మామయ్యా. పూర్తి చేస్తాను."

చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టారు.

"అంచు ఒక పక్క మందం" అంది ఆమె.

"ఊ."

"అడుగు ఊగుతోంది. చప్పుడు మూగ."

"అవునమ్మా."

అప్పుడామె కుడి చెయ్యి చాపింది. ఆ ఏడాదిలో మొదటిసారి, గుడ్డా గరిటా ఏమీ లేకుండా, ఆయన ఎదురుగా. కప్పుని చుట్టి పట్టుకుంది. వంగని వేలు వెళ్ళి సొట్టలో పడుకుంది, ఎవరో పక్క వేసి ఉంచినట్టు. మిగతా వేళ్ళ కిందికి మందంగా ఉన్న పక్క వచ్చింది, వేడి తగల్లేదు. ఎత్తేసరికి పల్చగా ఉన్న అంచు పెదవి దగ్గరికి వచ్చింది. కప్పు జారలేదు. ఒక గుక్క తాగింది. ఆ తరవాత ఆయన నేర్పినట్టే కాసేపు ఊరికే పట్టుకుని ఉండిపోయింది.

"సొట్ట ఎక్కడుండాలో అక్కడే ఉంది మామయ్యా" అంది.

మామయ్య తన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. అది శుభ్రంగానే ఉంది. "ఊగడం మాత్రం నా చేతగానితనమే" అన్నారు. "అది కావాలని చేసింది కాదు."

"మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"వచ్చిన రోజే. ముక్కు మీద కళ్ళజోడు పైకి తోసుకున్నావు, మధ్య వేలితో. ఈ కుర్చీలో కూర్చుని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, అందరూ చూపుడు వేలితోనే తోసుకుంటారు."

"మరి ఆ రోజు ఒక్క మాట అంటే ఏం పోయేది? అంత వాగుతుంటే వింటూ కూర్చున్నారు."

"ఏమని చెప్పనమ్మా? అక్కడ వేలు పెట్టి చూడు అన్నాననుకో, నువ్వు ఇన్నాళ్ళూ దాచుకున్నదాన్ని నలుగురిలో నేను బయటపెట్టినట్టు కాదా? చేతిలో పడితే దానంతటదే తెలుస్తుందనుకున్నాను. నువ్వు ఎడమ చేత్తో తీశావు." ఆయన పళ్ళెంలోని స్క్రూలని వేలితో ఓ పక్కకి జరిపారు. "నువ్వు చెప్పిందీ నిజమే కదా. బాగా చూశావు. ఆ పూట నీ మాటలు వింటుంటే ఒక పక్క గర్వంగానే ఉంది. ఇంకో పక్క పగలగొట్టేద్దామని ఇక్కడికి తెచ్చాను. చెయ్యి రాలేదు."

"నేను చేతకానిదాన్ననుకున్నారేమో అనుకున్నాను. ఆ రోజు తేనె రంగు గిన్నె జారినప్పుడు మీ మొహం చూశాను."

"అది పడి నీ కాలు తెగుతుందేమోనని భయపడ్డాను" అన్నారాయన. అని, అబద్ధం ఇమడక, "గిన్నె గురించి కూడా భయపడ్డాననుకో. కొంచెం" అన్నారు.

ఆమె ఏడుస్తూనే నవ్వింది. అప్పుడే మణికట్టు మీద వెచ్చగా ఏదో తగిలింది. చూస్తే కప్పు అడుగు నుంచి టీ చుక్క ఒకటి జారుతోంది. ఆయన చూడకుండా కొంగుతో తుడిచేసుకుని మిగతాది గబగబా తాగేసింది.

మర్నాడు పొద్దున పసుపు గుడ్డ నాలుగో గడి దాకా వెళ్ళింది. అక్కడ కప్పు ఒక పక్కకి ఒరిగి కూర్చుని ఉంది. "ఏమ్మా సొట్టబుగ్గా, నిద్ర పట్టిందా?" అన్న మాట వంటింట్లోకి వినిపించింది. ఈసారి కోడలు పరుగెత్తుకు రాలేదు, స్టవ్ దగ్గర నిలబడి నవ్వుకుంది.

టీ పోసే వేళకి అత్తయ్య అలవాటు కొద్దీ తెల్ల కప్పూ సాసరూ తీసి పెట్టింది. కోడలు బీరువా దగ్గరికెళ్ళి తన కప్పు తెచ్చుకుని, కుడి చేత్తోనే, అందరి ముందూ చాపింది. అత్తయ్య చూపు ఆ వేలి మీద పడింది, అది ఆనిన సొట్ట మీద పడింది, అక్కణ్ణుంచి తన మొగుడి మొహం మీదికి వెళ్ళింది. చలికాలపు నడకలూ చొక్కా మరకలూ ఏమిటో ఆవిడకి అప్పుడు అర్థమయ్యాయి. ఆవిడ దాని గురించి ఒక్క ముక్క అడగలేదు. ఆవిడ అడిగేది ఒకటే.

"టీ పోస్తే కారదు కదా?"

"కారుతుంది అత్తయ్యా" అంది కోడలు. "కొంచెమే. చల్లారేలోపు తాగేస్తే ఏమీ కాదు."

మామయ్య తల దించుకుని తన నల్ల కప్పులోకి చూస్తూ కూర్చున్నారు. అత్తయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "దొరికారు ఇద్దరూ" అంది. తెల్ల కప్పు కింద ఉన్న సాసరు లాగి, సొట్ట కప్పు కింద పెట్టి, నిండా టీ పోసింది. తరవాత తెల్ల కప్పుని తీసుకెళ్ళి చుట్టాల కప్పుల్లో పెట్టేసింది.